గోలి ఆపిన ఏడాది

కరీంనగర్‌లో సిరిసిల్ల బస్సు ఎక్కగానే కమలవ్వకు కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు ఊరు దాటకముందే ఆమె లేచి నిలబడింది.

"కూసో అత్తమ్మా. ఇంకా మస్తు దూరం పోవాలె" అంది కోడలు వందన.

"కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. నువ్వు కూసో."

కాళ్ళు గుంజితే ఎవరైనా కూర్చుంటారు గాని నిలబడరు. వందనకు ఆ సంగతి తెలుసు. అయినా సంచీ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల మొహంలో ఏడేళ్ళుగా కనబడని కళ ఒకటి వచ్చింది. కమలవ్వను కూర్చోనివ్వనిది అదే.

ఆ ఉదయం దవాఖానలో డాక్టరు మమతారాణి, "ఇవాళ్టి నుంచి గోలి ఆపేద్దాం వందనా" అంది. బ్లడ్ క్యాన్సర్ గోలి అది. ఏడేళ్ళుగా వందన అన్నం తిన్న వెంటనే వేసుకుంటున్నది. పళ్ళెం పక్కన గోలీ, నిండా గ్లాసుడు నీళ్ళూ పెట్టి, అది గొంతు దిగిందాకా ఎదురుగా నిలబడేది కమలవ్వే. జ్వరం వచ్చినా, చావుకు పోయినా, పెళ్ళికి పోయినా గోలి ఆమె కొంగున ఉండేది.

వేములవాడలో సగం బస్సు ఖాళీ అయింది. కమలవ్వ అప్పుడూ కూర్చోలేదు.

వందన కాపురానికొచ్చిన రెండో ఏడు జరిగిన సంగతి వాళ్ళ వీధిలో అందరికీ తెలుసు. సన్నటి పిల్లకు పొట్ట ఎత్తుగా కనబడసాగింది. నెల తప్పింది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిందని పళ్ళెం జరిపేసేది. నాలుగు బిందెలు మోస్తే ఆయాసపడేది. చలికాలంలో కూడా ఒళ్ళంతా చెమటలు పోసేవి. కమలవ్వకు వేరే ఆలోచనే రాలేదు. వందన "ఏమో అత్తమ్మా, చూపెట్టుకుంటే మంచిది" అంటున్నా వినకుండా, అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళందరికీ చక్కెర పంచిపెట్టింది. మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపే కొడుకు రంజిత్‌కు ఇంటికి రాకముందే దారిలో ఎవరో శుభాకాంక్షలు చెప్పారు.

స్కానింగ్‌లో బిడ్డ లేదు. ఎడమ పక్కటెముకల చాటున చిన్నగా ఉండాల్సిన తిల్లి, అదే ప్లీహం, బొడ్డు దాకా పెరిగి ఉంది. రక్తంలో తెల్లకణాలు వేలల్లో ఉండాల్సినవి లక్షల్లోకి పోయాయి. చక్కెర తిన్న ఆడవాళ్ళే పరామర్శకు వచ్చారు. ఆ రోజు తలుపు మూలన కూర్చున్న కమలవ్వ ఎవరి మొహమూ చూడలేకపోయింది.

హైదరాబాద్ నుంచి నెలకోసారి కరీంనగర్ వచ్చి రోగులను చూసే డాక్టరు మమతారాణి అప్పుడే వాళ్ళకు పరిచయమైంది. నిదానంగా చెప్పే మనిషి.

"మన నెత్తురు బొక్కల లోపలి మూలుగల తయారైతది పెద్దమ్మా. అక్కడ ఒక కణం లోపల రెండు ముక్కలు విరిగి, ఒకదాని జాగల ఇంకోటి అతుక్కున్నయి. అట్ల అతుక్కున్న చోట ఒక కొత్త హుకుం పుట్టింది. 'పెరుగు, పెరుగు' అనుడే గని 'ఇగ చాలు' అనుడు దానికి తెల్వది. గందుకే పని చెయ్యరాని తెల్లకణాలు గన్ని పుట్టినయి. అవన్నీ పోయి చేరితే తిల్లి ఉబ్బింది."

"ఎవరి తప్పు మేడం?" అని అడిగింది కమలవ్వ.

"ఎవరిదీ కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, తిన్నదాంతోని వచ్చింది కాదు, అంటుకునేది కాదు."

"బతుకుతదా?"

"బ్లడ్ క్యాన్సర్లన్నీ ఒక్కతీరు ఉండయి. కొన్ని రోజులల్లనే మనిషిని పడగొడుతయి. వాటికి నెలల తరబడి దవాఖానల ఉంచి మందులు ఎక్కియ్యాలె, కొందరికి వేరేవాళ్ళ మూలుగ ఎక్కియ్యాలె. ఇది మెల్లగ పెరిగే రకం. దీనికి గోలి ఉన్నది. ఆ హుకుం నోరు మూస్తది. రోజు మర్వకుండ వేసుకుంటే అందరి లెక్కనే బతుకుతది."

అన్ని మాటల్లో కమలవ్వ ఒక్కటే పట్టుకుంది: రోజూ మరవకుండా. తన నోటితో రోగాన్ని కడుపని ఊరంతా చాటిన తప్పుకు, ఆ గోలి మరవకుండా ఇవ్వడమే దిద్దుబాటు అనుకుంది. పొద్దున లేస్తే వందన కనురెప్పలు ఉబ్బి ఉండేవి. పిక్కలు పట్టేసి మూలిగేది. వేసవిలో ఒంటి రంగు వెలిసినట్టు పాలిపోయింది. కానీ తిల్లి లోపలికి పోయింది, కణాల లెక్క దిగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి రిపోర్టులో రోగం జాడ 'దొరకలేదు' అనే వచ్చేది. వందన మళ్ళీ బీడీలు చుట్టింది, నవ్వింది, కొట్లాడింది. కమలవ్వకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

అక్కర వందనకు ఉంది. అత్తకు గాని భర్తకు గాని ముందు చెప్పకుండా డాక్టరునే అడిగింది. "మేడం, నాకు ముప్పై నిండుతున్నయి. గోలి ఆపి పిల్లల కోసం చూడొచ్చా?"

డాక్టరు పాత రిపోర్టులన్నీ తిరగేసింది. ఇన్నేళ్ళుగా జాడ దొరకనివాళ్ళకు ఆపి చూడవచ్చంది. కానీ నెల నెలా రక్తం ఇవ్వాలి. అందులో రోగం జాడ చూపే అంకె ఒక హద్దు దాటితే మళ్ళీ గోలి మొదలుపెట్టాలి. ఆపినవాళ్ళలో ఇంచుమించు సగం మందికి మళ్ళీ లేస్తుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరునెలల్లోనే. లేచినా, వెంటనే గోలి వేస్తే దాదాపు అందరికీ మళ్ళీ అణుగుతుంది.

"గోలి మీద ఉండంగ మాత్రం కడుపు నిలవద్దు. లోపల పిండానికి లోపాలు వచ్చే ప్రమాదమున్నది. గందుకే ముందుగాల ఆపి, జర నిలకడ చూసి, తర్వాత."

డాక్టరు చెప్పిన దాంట్లో వందన ఒక సగం విన్నది, కమలవ్వ ఇంకో సగం విన్నది.

ఇంటికొచ్చాక అన్నాల దగ్గర కమలవ్వ బయటపడింది. "నాకు మనవడొద్దు, మనవరాలొద్దు. వీధి నిండ పిల్లలే ఉన్నరు, ఎత్తుకుంట. నువ్వుంటే నాకు చాలు."

"నాకు చాలదు అత్తమ్మా."

"నువ్వన్న చెప్పు రంజిత్!"

రంజిత్ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "గోలి మింగేది ఆమె అవ్వా. ఆపుతనంటే నేనేమంట?"

రెండో వారంలో వందన కుంటడం మొదలైంది. మోకాళ్ళు, భుజాలు సలుపుతున్నాయంది. రోగం తిరగబెట్టిందనుకుంది కమలవ్వ. ఫోన్ చేస్తే డాక్టరు, గోలి ఆపిన కొందరికి ఇట్లా కీళ్ళ నొప్పులు వస్తాయనీ, మెల్లగా తగ్గిపోతాయనీ చెప్పింది. రోగానికీ దీనికీ సంబంధం లేదంది. కమలవ్వ "సరే మేడం" అంది గాని నమ్మలేదు. మధ్యాహ్నం వందన కునుకు తీస్తుంటే పక్కన చేరి, ఎడమ పక్కటెముకల కింద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూసేది. తిల్లి తగులుతుందేమోనని. ఒకరోజు వందన కళ్ళు తెరవకుండానే, "కితకితలైతున్నయి అత్తమ్మా" అంది.

కమలవ్వ చెయ్యి తీసేసుకుంది.

"దొరికిందా?"

"లేదు."

"లేదు కద. ఇగ పండుకోనియ్యి."

మొదటి నెల రిపోర్టు రంజిత్ ఫోనుకు వచ్చింది. దొరకలేదు. రెండో నెలా అంతే. రక్తం ఇచ్చిన రోజు నుంచి రిపోర్టు వచ్చే రోజు దాకా కమలవ్వ ఏ పనిలోనూ కుదురుగా ఉండలేకపోయేది. చాట ముందేసుకుని తునికాకు కత్తిరిస్తూ మధ్యలో లేచిపోయేది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. కార్ఖానాకు పోయి, సాంచాల చప్పుడులో చెవి దగ్గర నోరు పెట్టి, "వచ్చిందా?" అని కొడుకును అడిగేది. రంజిత్ చెయ్యి ఊపి లేదనేవాడు. రెండు గంటలకు మళ్ళీ వచ్చేది. పక్కన సాంచాల మీది మనుషులు నవ్వుకునేవారు.

పక్కింటి లింగవ్వ ఆమె అవస్థ చూసి కొండగట్టుకు తీసుకుపోయింది. అంజన్న ముందు వరుసలో కదులుతూ ఏం మొక్కాలో కమలవ్వకు పాలుపోలేదు. కోడలికి కడుపు పండాలని మొక్కితే గోలి లేకుండా ఇంకా ఎన్నాళ్ళో గడవాలి. రోగం లేవొద్దని మొక్కితే, అది లేవనంతకాలం ఆ పిల్ల గోలి ముట్టదు. రెండూ అడిగితే అత్యాశ అవుతుందేమో. వరుస తోసుకొచ్చి, ఆమె చేతులు జోడించేలోపే ముందుకు నెట్టేసింది. బయటికొచ్చి కొబ్బరి ముక్క నములుతూ లింగవ్వ అడిగింది, "ఏం మొక్కినవే?"

"మొక్కలే" అంది కమలవ్వ. "పైలంగ చూడుమని చెప్పిన. ఎవలను అని చెప్పలే."

నాలుగో నెల రిపోర్టులో 'దొరకలేదు' అన్న మాట పోయి ఒక చిన్న అంకె వచ్చింది. హద్దుకు చాలా కిందే ఉందనీ, కొందరికి ఇట్లా అప్పుడప్పుడూ తొంగిచూసి పోతుందనీ, వచ్చే నెల చూద్దామనీ డాక్టరు చెప్పింది. వందన "సరే" అని బీడీల చాట ముందేసుకుంది. ఆ స్థిమితం చూసి కమలవ్వకు ఒళ్ళు మండింది.

దేవుడి అలమర వెనక పాత గోలీల పట్టీ ఒకటి మిగిలి ఉంది. మరునాడు వందన బీడీలు అప్పజెప్పడానికి పోయినప్పుడు కమలవ్వ ఒక గోలి విప్పి చిన్న రోట్లో నూరింది. మహా చేదని ఆమెకు తెలుసు. ఏడేళ్ళుగా ఆ పిల్ల మొహం చూస్తూనే ఉంది. అందుకని కాకరకాయ పులుసు వండింది. ఇటుక రంగు పొడిని వందన గిన్నెలో కలిపి, పైన బెల్లం ఎక్కువగా వేసింది. నా బిడ్డకు మందే కదా ఇస్తున్న, విషం ఏమన్ననా అని తనకు తాను చెప్పుకుంది.

వందన వచ్చింది. కాళ్ళు కడుక్కుని కూర్చుంది. పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఇంత చేదేంది అత్తమ్మా, కాకరకాయ ముదిరిందా?"

గోలి మీద ఉండగా కడుపు నిలవద్దు అన్న డాక్టరు మాట అప్పుడు తట్టింది కమలవ్వకు. ఒకవేళ నిలిచే ఉంటే? ఈ నెల ఆ పిల్ల బయట చేరిందా లేదా? గుర్తుకు రాలేదు. ఒక్క ఉదుటున వంగి పళ్ళెం లాగేసింది. అన్నం నేలంతా చిందింది.

"ఉమ్మెయ్యి! మింగకు, ఉమ్మెయ్యి!"

వందన బిత్తరపోయి దోసిట్లోకి ఉమ్మింది. ఆ ముద్దలో ఇటుక రంగు పలుకులు కనబడ్డాయి. ఆ రంగు ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నాకు తెల్వకుంట పెడుతున్నవా?"

"ఇయ్యాలనే బిడ్డా. ఒట్టు. ఇదే మొదలు."

"అత్తమ్మా, రోగం వచ్చినప్పుడు నన్ను అడిగి రాలే. గోలి మింగుమన్నరు, మింగిన. కండ్లు ఉబ్బినా, కాళ్ళు గుంజినా నోరు తెర్వలే. ఇన్నేండ్లల్ల నేనుగ అడిగి చేసుకున్న పని ఇదొక్కటే. గిది సుత నీ చేతులకు తీసుకుంటవా?"

వందన లేచి నోరు పుక్కిలించి, బీడీల చాట తీసుకుని లింగవ్వ అరుగు మీదికి పోయింది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. వంట వందనే చేసేది. కమలవ్వ పొయ్యి దగ్గరికి పోతే గిన్నె మీద మూత పెట్టేది. గోలీల పట్టీని కమలవ్వ కొడుకు చేతిలో పెట్టి జరిగింది చెప్పింది. రంజిత్ అంతా విని, "నువ్వు చేసింది మంచిగ లేదవ్వా" అని ఒక్క మాట అని చొక్కా తగిలించుకుని పనికి పోయాడు. వాడు అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున కమలవ్వ వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే వెనక నుంచి "అత్తమ్మా" అన్న పిలుపు వినబడింది. చేతిలో బకెట్టు అట్లాగే ఉండిపోయింది. వందన గుమ్మంలో నిలబడి మందుల దుకాణం నుంచి తెచ్చుకున్న పరీక్ష పుల్ల చూపించింది. రెండు చారలు ఎర్రగా ఉన్నాయి.

"నెల తప్పిందా?"

వందన తల ఊపింది.

కమలవ్వ నవ్వలేదు. "స్కానింగ్ చూడంది నేను నమ్మ బిడ్డా. నడువు."

రంజిత్ ఆ పూట పని మానుకుని ఇద్దరినీ కరీంనగర్ తీసుకుపోయాడు. స్కానింగ్ గదిలో కమలవ్వ తెర మీది మసకలోకి కళ్ళు చికిలించి చూసింది. గింజంత దాంట్లో ఏదో టకటకా కొట్టుకుంటోంది. "గదే గుండె" అంది లోపలి డాక్టరమ్మ.

"మేడం, తిల్లి సుత చూడుండ్రి" అంది కమలవ్వ.

అదీ చూసింది. మామూలుగానే ఉందంది. అప్పుడు కమలవ్వ బయటికొచ్చి మెట్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రంజిత్ మంచినీళ్ళ సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అదే రోజు వందన నెల రక్తం కూడా ఇచ్చింది. వారం దాటాక వచ్చిన రిపోర్టులో అంకె హద్దు దాటింది.

డాక్టరు మమతారాణి వాళ్ళను పిలిపించి కూర్చోబెట్టింది. తొందరపడొద్దంది. హద్దు దాటినా, తెల్లకణాల మామూలు లెక్క ఇంకా చక్కగానే ఉంది. రోగం లోపల కళ్ళు తెరిచింది గాని లేచి నడవలేదు. గోలి ఇప్పుడు ఇవ్వడానికి లేదు. తరచూ లెక్క చూసుకుంటూ పోదాం, పెరిగితే వారానికో సూది ఉంది, అది పాతకాలపు మందు, బిడ్డ దాకా పోదు, గోలి అంత గట్టిగా పనిచెయ్యకపోయినా లెక్కను పట్టి ఉంచుతుంది. కాన్పు అయ్యాక గోలి.

"ఇంకో తొవ్వ సుత ఉన్నది. అది నేను చెప్పకుంటే తప్పైతది" అంది డాక్టరు. "కడుపు తీసేయించుకుని ఇప్పుడే గోలి మొదలువెట్టచ్చు. ఏది చేసినా మీ ఇష్టమే, నేను చూసుకుంట. ఆలోచించుకోండ్రి."

ఇంటికొచ్చాక రంజిత్ బజారుకు పోయాడు. వందన గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నాళ్ళ ధైర్యమూ ఒక్కసారే చెదిరిపోయింది.

"నువ్వు చెప్పు అత్తమ్మా. ఏం చెయ్యాలె? తీసేయించుకోవాల్నా?"

ఇన్ని నెలలూ కమలవ్వ కోరుకున్నది ఇదే. ఆ పిల్ల గోలికి తిరిగి రావాలి. ఒక్క 'ఊ' అంటే చాలు. ఆ 'ఊ' నాలుక చివరి దాకా వచ్చింది. తెర మీద కొట్టుకున్న గింజ కళ్ళ ముందు మెదిలింది. ఆమె లేచి వాకిట్లోకి పోయింది, మళ్ళీ లోపలికొచ్చింది, ఉట్టి కింది బిందె అటునుంచి ఇటు జరిపింది.

"నేను చెప్ప బిడ్డా" అంది చివరికి. "నాకు కావాల్సింది నువ్వు. గది నీకు తెలుసు, దాచితే దాగదు. గని ఒకసారి నీకు తెల్వకుంట నీ అన్నం తలెల చెయ్యి పెట్టిన. మళ్ళ పెట్ట. తీసేయించుకుంటనంటె తోలుకపోత. ఉంచుకుంటనంటె పక్కపొంటి ఉంట. రెండిట్ల ఏదైనా నిన్ను ఒక్క మాట అననియ్య, నేను సుత అన."

వందన ఏడ్చింది. కమలవ్వ పక్కన కూర్చుని వీపు రాసింది. అట్లా కూర్చుని ఉండగానే వాన వచ్చి, దండెం మీది బట్టలన్నీ తడిసిపోయాయి. ఎవరూ లేవలేదు.

వాన వెలిశాక వందన కొంగుతో మొహం తుడుచుకుని, "ఉంచుకుంట" అంది.

అయిదో నెలలో తెల్లకణాలు పెరగసాగాయి. సూదులు మొదలయ్యాయి. సూది పడిన రోజు సాయంత్రానికి చలిజ్వరం వచ్చినట్టు వందన గడగడ వణికేది, ఒళ్ళు నొప్పులతో మూలిగేది. ఇంట్లో ఉన్న చద్దర్లన్నీ కప్పి, అవి చాలక కమలవ్వ తన చీరలు కప్పేది. గంజి తాగించేది. వందన పొట్ట పెరుగుతున్నకొద్దీ, అందులో ఎంత బిడ్డో ఎంత రోగమో అని కమలవ్వ కళ్ళు కొలుస్తూనే ఉండేవి. ఎదురుపడ్డవాళ్ళు "ఎన్నో నెల?" అని అడిగితే మాట మార్చేది. ఈసారి ఎవరికీ ఏదీ పంచలేదు. లింగవ్వ శ్రీమంతం సంగతి ఎత్తితే, "కానీయి, ముందు కాన్పు కానీయి" అని కసురుకుంది.

లెక్క పెరిగినంత పెరిగి సూదికి లొంగింది. తగ్గలేదు గాని ఆగింది. డాక్టరు మాత్రం ప్రతిసారీ రిపోర్టు చూసి అద్దాలు తీసి తుడుచుకునేది. ఆ తుడుచుకోవడం మంచికా చెడుకా అని కమలవ్వ బస్సు దిగిందాకా రంజిత్‌ను వేధించేది.

ఎండలు మొదలయ్యే వేళకు కరీంనగర్‌లో కాన్పు అయింది. ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి ఇస్తే కమలవ్వ ముందు పెదవులు చూసింది, వేళ్ళు చూసింది, వీపు తిప్పి వెన్నుపూస వెంట బొటనవేలు నడిపించింది. "అంత మంచిగనే ఉన్నది పెద్దమ్మా, ఇటియ్యి" అని నర్సు నవ్వింది. బిడ్డ నెత్తురు పరీక్షలోనూ ఏమీ లేదు. తల్లి నుంచి బిడ్డకు పోయే రోగం కాదని డాక్టరు ఎన్నోసార్లు చెప్పింది. అయినా ఆ కాగితం వచ్చిందాకా కమలవ్వకు అన్నం సయించలేదు.

గోలి వేసుకుంటే పాలు ఇవ్వకూడదు. అందుకని మొదటి కొద్ది రోజుల చిక్కటి పాలు మాత్రం పట్టించి, ఆ తర్వాత గోలి మొదలుపెట్టమంది డాక్టరు. ఆ రోజులు కమలవ్వ అనుకున్నదానికన్నా తొందరగా గడిచిపోయాయి. ఆపాల్సిన పొద్దున వందన బిడ్డను ఒళ్ళోంచి దించలేదు. సీసాలో పాలు కలిపి పెట్టి రంజిత్ తలుపు దగ్గర తచ్చాడాడు.

"చెప్పు అవ్వా, యాళ్ళైతున్నది" అన్నాడు గుసగుసగా.

"తాగనియ్యి."

"గోలి..."

"తెలుసు. తాగనియ్యిరా" అని కమలవ్వ తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది. లోపల బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. వందన తనంతట తానే లేచి వచ్చి నిద్రపోతున్న బిడ్డను అత్త చేతుల్లో పెట్టింది. గోలీల పెట్టె తానే విప్పుకుంది, నీళ్ళు తానే ముంచుకుంది. మింగుతూ కళ్ళు గట్టిగా మూసుకుంది.

రెండు రోజులు రొమ్ములు బండరాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చింది. లింగవ్వ మల్లెపూలు తెచ్చి గుడ్డలో పరిచి కట్టింది, పాలు వెనక్కి పోతాయని. ఇల్లంతా మల్లెపూల వాసన. బిడ్డ సీసా రబ్బరు తోసేసి, తల తిప్పి తిప్పి తల్లి కోసం వెతుక్కుంటూ గుక్కపట్టింది. వందన చెవులు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. కమలవ్వ బిడ్డను భుజాన వేసుకుని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగింది. కార్ఖానాల ముందు నుంచి పోతే ఆ చప్పుడుకు బిడ్డ కాస్త ఊరుకునేది. అందుకని అక్కడక్కడే తిరిగింది.

మూడో రోజు రంజిత్ తన పాత బనీను ముక్కతో సీసాను చుట్టి పెడితే బిడ్డ ఎందుకో పట్టుకుని తాగింది. ఎందుకు తాగిందో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరూ ఆ బనీను ఉతకనివ్వలేదు.

ఆ తర్వాత వచ్చిన రిపోర్టుల్లో అంకె మెల్లగా దిగుతూ వచ్చింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం. వానాకాలం చివర ఒక రోజు హద్దు కిందికి వచ్చింది. 'దొరకలేదు' అన్న మాట ఇంకా రాలేదు. రావచ్చు, టైము పడుతుందంది డాక్టరు. వందన కనురెప్పలు మళ్ళీ పొద్దున ఉబ్బుతున్నాయి. అదేమీ ఆ పిల్ల పట్టించుకోవడం లేదు.

ఆ రిపోర్టు వచ్చిన రోజే సర్కారు దవాఖానలో బిడ్డకు టీకా వేయించాల్సి ఉంది. నర్సు సూది తీయగానే కమలవ్వ గది బయటికి పరిగెత్తింది. లోపల బిడ్డ కేరుమని ఏడ్చింది.

"అయిపోయింది, రా అత్తమ్మా" అని పిలిచింది వందన.

"జ్వరమొస్తదా బిడ్డా? పండుకుంటదా? గోలి ఏమన్న ఇచ్చిన్రా? ఎంత ఇయ్యాలెనట?"

"చుక్కల మందు ఇచ్చిన్రు. జ్వరమొస్తెనే వెయ్యాలెనట."

"రాకముందే వేస్తే ఏమైతది?"

వందన నవ్వు ఆపుకోలేకపోయింది. ఏడుస్తున్న బిడ్డను భుజానికెత్తుకుని, చుక్కల మందు సీసాను తన బ్లౌజులో దోపుకుంది.